అయిదు వానపాములు

మన వీధి చివరి చెత్తకొండను తిట్టేవాళ్ళంతా కృతఘ్నులు! పాపం, అది ఊరికే కూర్చుంటోందా? వాన పడితే చాలు, నల్లటి కషాయం కాచి, గోడ కిందనుంచి మన పెరళ్ళలోకి పంపిస్తోంది. అడక్కుండా ఇంటికొచ్చే సర్వీసు ఇంకొకటి చూపించండి!

దాని దయవల్ల మా పెరట్లో ఇప్పుడు వానపాముల్లేవు. చీమల్లేవు. రాలిన ఆకు కుళ్ళదు. మూడు నెలల కిందటిది కూడా నిన్న రాలినట్టే ఉంటుంది. మ్యూజియంలోనైనా ఇంత శ్రద్ధగా దాస్తారా? తవ్వగానే ఏదో ఒకటి మెసిలే నేల... ఛీ, ఎంత అనాగరికం!

మా ఆవిడకు ఆ అనాగరికమే ఇష్టం. ఏ మొక్క నాటాలన్నా ముందు ఒక పార మట్టి పాత పేపరు మీద పోసి, వానపాములు లెక్కపెట్టేది. ఆ పేపరు నా కాలమ్ ఉన్నదే అయ్యేది. దానికైనా పనికొచ్చిందని నా సంతోషం. అయిదుకి తగ్గితే నాటనిచ్చేది కాదు.

"ముందు కాపురముండేవాళ్ళు రావాలండీ, తర్వాతే మొక్క."

ఆమె పోయి నాలుగేళ్ళు. ఆమె నాటిన గులాబీ మాత్రం రోజూ పొద్దున్నే నన్ను పలకరించేది.

నల్లనీళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు పక్కింటి రిటైర్డ్ మేనేజరు గోడమీంచి కేకేశారు. "గురువుగారూ, లిక్విడ్ ఎరువు! ఫ్రీ! పట్టుకోండి!"

ఇద్దరం డిగ్రీలున్నవాళ్ళం కదా, నమ్మేశాం. గులాబీకి రెండు బకెట్లు పోశాను. వారంలో ఆకులు నిగనిగలాడాయి! "చూశావా నా సేద్యం?" అని ఆమె ఫోటో ముందు గొప్పలు కూడా పోయాను. మూడోవారానికి కొమ్మలు నల్లబడ్డాయి. పార వేసి, పేపరు పరిచి చూశాను. నా కాలమ్ మొత్తం అడ్డులేకుండా చదువుకోవచ్చు. ఒక్క వానపామూ లేదు.

చెత్తకొండను చూసుకునే ఇంజనీరుగారు వచ్చి చాలా ఓపిగ్గా వివరించారు.

"ఆ నీళ్ళవల్ల ఏ హానీ లేదండీ."

"సంతోషం బాబూ. రెండు బకెట్లు పట్టి ఉంచాను, మీ ఇంటికి పట్టుకెళ్ళండి."

"అయ్యో వద్దండీ! మా ఇంట్లో మొక్కలున్నాయి!"

ఆయన మొక్కలు చల్లగా ఉండాలి. మా గులాబీకీ ఇంకా ఒక్క కొమ్మ పచ్చగా ఉంది. కోసి నీళ్ళగ్లాసులో పెట్టాను, కుండీ కడిగి ఆరబెట్టాను. ఇక కావలసిందల్లా అయిదు వానపాములున్న ఒక పార మట్టి.

ఇంజనీరుగారి ఇంటి అడ్రసు ఎవరికైనా తెలుసా?