డెర్బీ తీర్పరి సింహాసన సంగ్రామము

బ్యారేజీ దాటి వచ్చు గాలియు వేడెక్కి నీరసించు విజయవాటికా మహానగరమున, ఆటోల హారన్లే మంగళవాద్యములై మ్రోగు గవర్నర్‌పేటయందు, సుబ్బరత్నంగారి కళ్లజోళ్ల దుకాణమను ధర్మసభ ఒకటి కలదు. ఆశ్వయుజ మాసమైనను చెమటకు సెలవు లేని ఆ సభలో, స్టాండు ఫ్యానుకు సరిగా ఎదురుగా, ఒక పేము కుర్చీ కలదు. ఫ్యాను ఎల్లవేళలా అటే చూచుచుండును గనుక, ఆ దుకాణమున గాలి తగులు స్థానము అదొక్కటే. భవానీపుర వాస్తవ్యుడును, పశువుల ఆసుపత్రి విశ్రాంత కాంపౌండరును, స్టాప్‌వాచ్‌ధారియు అగు బాలశౌరికి అది సింహాసనము.

ఏల అతనికే అందురా? వినుడు. ఒక్క పందెము కాయక, రేసుకోర్సు గడప త్రొక్కక, ఇరువదియారేండ్లుగా హైదరాబాదు డెర్బీ అను గుర్రపు పందెమును తెరపై వీక్షించి, ఆ పరుగు గొప్పదో నాసిదో తేల్చి నోటుబుక్కున లిఖించు మహానుభావుడతడు. గెలిచిన గుర్రమును ఎవడైనను పొగడును. పరుగు నాణ్యతను తూచుట ఘనుల పని. అందుకు అతడే ఒక కఠోర నియమము విధించుకొనెను. తపస్కాలమువలె నలువది దినములు ఆగవలెను. ఓడిన గుర్రములు పిమ్మట ఎట్లు పరుగెత్తునో కనిపెట్టవలెను. ఓడినవి మొనగాళ్లయిననే కదా, గెలిచినది మొనగాడు! అప్పుడు మాత్రమే కలము మూత తీయవలెను.

అయ్యో, ఈ యేడు ఆ వ్రతము భగ్నమయ్యెను! డెర్బీనాడు స్టాప్‌వాచ్ నొక్కి చూడగా, నిరుటికంటె ఐదు సెకన్లు ఆలస్యము. అంతట బాలశౌరి క్రోధారుణలోచనుడై, ఆ పూటనే నల్లసిరాతో "నాసి" అని వ్రాసిపారేసెను.

ఆ అక్షరములను చూచి, మూలనున్న ఇనుప స్టూలు మీదినుండి ఒక సింహము లేచెను. అతడు బసవపున్నయ్య. మైలవరమునుండి వారమువారము బస్సెక్కి వచ్చువాడు. బండలాగుడు పోటీలలో ఎడ్ల ఊపిరి చూచియే వాటి సత్తా చెప్పగలవాడు. ఎనిమిదేండ్లుగా ఆ స్టూలుపై చెమటోడ్చుచున్నవాడు. అతడిట్లు గర్జించెను:

"ఏంటండీ బాలశౌరిగారూ! వానకి తడిసి ముద్దయిన గడ్డి మీద పరిగెత్తితే, గడియారం చూసి మార్కులేస్తారా? దమ్ము చేసిన చేలో నడిచిన ఎడ్లని తారురోడ్డు లెక్కన కొలుస్తామా?"

"గడియారం అబద్ధమాడదు బసవపున్నయ్యా! ఇరవయ్యారు తీర్పులు ఇచ్చా. ఇది తప్పని రుజువు చెయ్యి, ఈ కుర్చీ దిగి నీ స్టూలెక్కుతా!"

"సరే. డెర్బీలో నాలుగోది, జెంటిల్ బ్రీజ్, వచ్చే నెల మామూలు రేసులో దిగుతోందంట. అది గెలిస్తే డెర్బీ గొప్పదే. ఓడితే నేను మళ్లీ నోరెత్తను."

"మీరిద్దరూ కాస్త మెల్లగా అరవండి," అని సుబ్బరత్నంగారు పలికిరి. "లోపల కంటి పరీక్ష జరుగుతోంది."

ముప్పదియెనిమిదవ దినమున సంగ్రామము సంప్రాప్తమయ్యెను. బల్లమీది అద్దమునకు ఆనించి సుబ్బరత్నంగారి ఫోను ప్రతిష్ఠింపబడెను. గుర్రములు కదలగానే తెరపై సుదర్శనమువంటి చిన్న చక్రము గిరగిర తిరుగజొచ్చెను. అది ఆగి చూచునప్పటికి, ముందున్నది జెంటిల్ బ్రీజ్! బసవపున్నయ్య తువాలు గాలిలోకి ఎగిరెను. అంతలో బయటివైపునుండి ఒక ఎర్ర గుర్రము దూసుకువచ్చి, మెడ పొడవు ముందుగా గీత దాటెను.

"ఓడింది! ఓడిపోయింది!" అని బాలశౌరి కుర్చీ చేతులు దద్దరిల్ల చరచెను. బసవపున్నయ్య తువాలుతో మొగము తుడుచుకొని, "మీదే పైచేయి," అని స్టూలు వైపు నడచెను. ఆ వంగిన వీపును చూచి సుబ్బరత్నంగారికి జాలి కలిగెను.

అప్పుడు తెరపై గెలిచిన గుర్రము పేరు పడెను: రంగూన్ రోజ్.

బాలశౌరి నవ్వు సగములో ఆగెను. అతడు మెల్లగా నోటుబుక్కు తెరచెను. డెర్బీ పుటలో, ఎవరికీ పట్టని చోట, చీమల బారువంటి తన దస్తూరీలో "6. రంగూన్ రోజ్" అని ఉండెను. ఆరవది, నాలుగవది కలిసి తక్కినవాటిని చిత్తుచేసినవి. అనగా డెర్బీ నాసి కాదు. ఈ సంగతి ఆ దుకాణమున అతనికి తప్ప ఎవ్వరికీ తెలియదు. పుస్తకము మూసిన చాలు, కుర్చీ తనదే.

ఆ క్షణమున అతని గుండెలో జరిగిన యుద్ధమునకు ఏ గడియారమూ చాలదు. ఇంట టీవీ రిమోటైనను అతని చేతికి రాదు. "మీరేమంటారండీ?" అని అతనిని అడుగు చోటు లోకమంతటిలో ఈ కుర్చీ ఒక్కటే. అది పోవునేమోనని అతనికి నిజముగా భయము వేసెను. ఆ భయమునకు వెంటనే సిగ్గు వేసెను.

"బసవపున్నయ్యా, ఆగు," అని అతడు లేచెను. "గెలిచింది కూడా మన డెర్బీ గుర్రమేనయ్యా. ఆరోది. అవి రెండూ కలిసి మిగతావాటిని ఎనిమిది గుర్రాల దూరంలో వదిలేశాయి. రేసు మంచిదే. నేనే తొందరపడ్డా. రా, కూర్చో."

బసవపున్నయ్య నివ్వెరపోయెను. "ఆరోది ఎవరికి గుర్తుంటదండీ? మీరు చెప్పకపోతే తెలిసేదే కాదుగా!"

"పుస్తకానికి తెలుసుగా."

అంత బాలశౌరి "నాసి"ని అడ్డముగా ఖండించి, కలము పైకెత్తెను.

"'గొప్ప' అని రాయండి," అనెను విజేత.

"మరీ అంతొద్దు," అని అతడు "ఫర్వాలేదు" అని వ్రాసెను. ఇరువదియారేండ్లలో ఆ బిరుదము పొందిన పరుగులు నాలుగే.

బసవపున్నయ్య సింహాసనారూఢుడయ్యెను. చల్లగాలి తగిలెను. కాని స్టూలుపై బాలశౌరి చొక్కా తడిసిపోవుచుండుట చూడగా, ఆ గాలి అతనికి రుచింపలేదు.

"ఏవమ్మా సుబ్బరత్నంగారూ, ఈ ఫ్యాను మెడ తిరగదా?"

"వెనకాల బొడిపె నొక్కితే తిరుగుతుంది."

"మరి ఇన్నేళ్లూ?"

"ఎవరన్నా అడిగితేగా! జడ్జిగారి మీంచి గాలి తిప్పే ధైర్యం నాకెక్కడిది?"

బొడిపె నొక్కబడెను. కిర్రుమని మెడ కదలెను. గాలి కుర్చీని వీడి, బల్లను దాటి, సుబ్బరత్నంగారి పమిటను కదిపి, ఎనిమిదేండ్ల చెమటను చూచిన స్టూలును చేరెను. ఇట్లు రెండక్షరముల "నాసి" కూలెను. నాలుగక్షరముల "ఫర్వాలేదు" జయకేతనమై నిలిచెను. సకల గవర్నర్‌పేటయు ఏమియు ఎరుగక ట్రాఫిక్కులో నిలిచియుండెను.

బాలశౌరి స్టాప్‌వాచ్ నొక్కెను. ఫ్యాను ఒక చుట్టు తిరిగి మరల తనను చేరువరకు కొలిచెను.

"పదకొండు సెకన్లు," అని ప్రకటించెను. "ఫర్వాలేదు."