బక్కయ్య టాక్సీలో బొగ్గు బెల్టు

ఒక పెద్ద అడవిలో కొండ ఎక్కాలన్నా దిగాలన్నా అడవిదున్నలే టాక్సీలు. వాటిలో బక్కయ్య ఒకడు. పేరుకే బక్కయ్య, ఒళ్లు చూస్తే చిన్న గుట్ట. ఇరవై ఏళ్లుగా ఘాట్ లైనులో తిరుగుతున్నాడు. ఆ లైను పర్మిటే అతనికి కూడూ గూడూ.

ఒకనాడు మలుపులో ఒక కోతి టాక్సీ మీంచి జారి లోయలో పడింది. కొమ్మ దొరికి బతికింది గానీ, సింహం రాజుగారికి చిర్రెత్తుకొచ్చింది. ప్రతి టాక్సీకీ సీటు బెల్టు ఉండాలనీ, లేకపోతే పర్మిటు రద్దనీ దండోరా వేయించారు.

బక్కయ్య మంచి తీగ చూసి బెల్టు బిగించుకున్నాడు. కొత్త బెల్టు మాసిపోతుందని దానిమీద చాప పరిచాడు. ప్రయాణికులు చాప మీద, బెల్టు చాప కింద.

కుందేలు చిట్టెమ్మ ఒక్కతే అడిగింది. "బెల్టు ఏదన్నా?"

"ఏటమ్మా, నా నడక మీద నమ్మకం లేదేటి?" అన్నాడు బక్కయ్య నొచ్చుకుని.

ఆ అడవిలో బెల్టు అడగడమంటే, వడ్డించినవాడి ఎదుటే కూర వాసన చూడడం లాంటిది. చిట్టెమ్మ సిగ్గుపడి చాప మీదే సర్దుకు కూర్చుంది.

ఎండలు ముదిరాయి. మేత దొరకని ఒక మధ్యాహ్నం బక్కయ్య మెడ తిప్పి, చాప ఎత్తి, బెల్టు వంక చూశాడు. ఎలాగూ ఎవరూ కట్టుకోవడం లేదు. నమిలి మింగేశాడు. రుచిగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే దారిలో చెక్‌పోస్టు వెలిసింది. ఇన్‌స్పెక్టరు, నక్క సన్యాసిరావు గారు. దూరం నుంచే చూసి బక్కయ్య ఆగిపోయాడు. పర్మిటు పోతే ఏం తిని బతకాలి?

పక్కనే కాలిన మోడు ఒకటి ఉంది. పళ్లతో బొగ్గుముక్క పట్టుకుని, చిట్టెమ్మకి భుజం నుంచి నడుం దాకా ఏటవాలుగా ఒక గీత గీశాడు. నల్లటి ఎలుగుబంటికి దారిపక్క సుద్దముక్కతో గీశాడు. ఒంటినిండా చారలున్న దుమ్ములగొండితో, "తమకి పుట్టుకతోనే ఉన్నాయి బాబూ" అని వదిలేశాడు.

సన్యాసిరావు చెట్టునీడ వదిలి వచ్చే అధికారి కాదు. కుర్చీలోంచే మెడ సాచి, "ఉన్నాయి, పో" అన్నాడు.

వారం తిరిగేసరికి ఘాట్ టాక్సీలన్నీ బొగ్గుకి మారాయి. నూటికి నూరుమందీ బెల్టు పెట్టుకుంటున్నారని రాజుగారికి నివేదిక వెళ్లింది. ఆయన పొంగిపోయి, అడవిలో ఉత్తమ టాక్సీ బక్కయ్యదేననీ, తామే ఎక్కి కొండ దిగుతామనీ కబురు పెట్టారు.

బక్కయ్య లెక్క వేసుకున్నాడు. నిజం చెప్తే పర్మిటు పోతుంది. అది రాజుగారి భోజనం వేళైతే తనే పోతాడు.

"బెల్టు పెట్టవయ్యా" అన్నారు రాజుగారు ఎక్కి కూర్చుని.

బక్కయ్య మెడ తిప్పి బొగ్గుతో గీత గీశాడు. రాజుగారు తమ ఛాతీ వంక అనుమానంగా చూసుకున్నారు.

"కొత్త రకం మహాప్రభూ. బరువుండదు, ఒత్తుకోదు" అన్నాడు సన్యాసిరావు చెట్టునీడలోంచే.

తెలియదని ఒప్పుకోవడం రాజులకు అలవాటు లేదు. "మాకు తెలుసులే" అన్నారు.

మూడో మలుపులో అడవికోడి పిల్లల్ని వెంటేసుకుని అడ్డం వచ్చింది. బక్కయ్య నాలుగు కాళ్లూ తన్నిపట్టి ఆగాడు. రాజుగారు ఆగలేదు. కొమ్ముల మీంచి ఎగిరి సీకాయ పొదలో పడ్డారు.

మర్నాడు విచారణ. ఒళ్లంతా ముళ్లతో రాజుగారు పక్కకి ఒరిగి కూర్చున్నారు. సన్యాసిరావు జన్మలో మొదటిసారి దగ్గరికి వచ్చి గీతని పరిశీలించాడు.

"బెల్టు ఎక్కడా తెగలేదు ప్రభూ. కాస్త సాగను కూడా లేదు."

అసలది బెల్టే కాదంటే, బొగ్గు పూయించుకుని ఊరేగినట్టవుతుంది. రాజుగారు గంభీరంగా తలూపారు. "మరి మేమెందుకు పడ్డాం?"

"టాక్సీ ఆగడం వల్ల ప్రభూ."

తీర్పు వచ్చింది. బక్కయ్య పర్మిటు పదిలం. బొగ్గు బెల్టు అడవంతటా తప్పనిసరి. ఘాట్ దిగేటప్పుడు టాక్సీ ఆగడం నేరం.

ఇప్పుడు బక్కయ్య కళ్లు మూసుకుని కొండ దిగుతున్నాడు. కిందకి చేరిన ప్రతిసారీ బతికున్నందుకు అతనికే ఆశ్చర్యం. తినేసిన ఆ తీగని తలుచుకుని కుమిలిపోతాడు గానీ, పైకి చెప్పలేడు.

"అన్నా, చచ్చిపోతాం, కాస్త ఆగు" అంటుంది చిట్టెమ్మ వీపు మీంచి.

"ఆగితే పర్మిటు పోద్దమ్మా. ఆ గీత గట్టిగా పట్టుకో."

నీతి: ఎంతటి ప్రమాదంలోనైనా తెగని బెల్టు కావాలంటే, గీసుకోవడమే మేలు.