గోడలో వాన

టప్... టప్... కాసేపాగి, మళ్ళీ టప్. నీటి సరఫరా కార్యాలయంలో పాత దస్త్రాల గది తలుపు తీయకముందే గుమాస్తా అమ్మాయికి ఆ చప్పుడు వినిపించింది. లోపలికెళ్ళి చూస్తే, తన కుర్చీ వెనక గోడంతా లేత నాచు. రోజూ పనిలో దిగేముందు స్నేహితురాళ్ళకు మూడు పాదాల కవిత పంపడం ఆమె అలవాటు. ఆనాటిది నిలబడ్డచోటే పుట్టింది:

గోడలో వాన
ఎవరికోసమో పాడుతోంది
చెవి ఒగ్గి వింటోంది నాచు

తీరా పంపాక చూస్తే, అది చేరింది కార్యాలయపు ఫిర్యాదుల గ్రూపుకు. గబగబా చెరిపేసింది. చెరిగింది ఆమె ఫోనులో మాత్రమే.

ఆ గ్రూపులో ఏది వచ్చినా పది నిమిషాల్లో కదలాలన్నది నియమం. ఎందుకని అడిగే ఆచారం లేదు.

"గోడలో వానంటే పైపు పగిలినట్టే," అన్నాడు మేస్త్రీ.

"పాడుతోందట కూడాను. ప్రెజరు గట్టిగానే ఉంది," అన్నాడు ఫిట్టరు.

"ఏ గోడో రాయలేదే?"

"పాపం, కంగారులో ఉండుంటారు. ముందు మెయిన్ వాల్వు కట్టెయ్యండి."

ఊరంతా కుళాయిలు ఎండిపోయాయి. వెనకవీధిలో అనుమానం మీద రెండు గోడలు పగలగొట్టారు. రెండూ పొడిగానే ఉన్నాయి. రెండోది ఆ కార్యాలయపు అధికారిగారి ఇంటి స్నానాలగదిది. ఆయన లోపలే ఉన్నారు.

చెవుల్లో నురగతోనే ఆయన కార్యాలయానికి వచ్చిపడ్డారు. "ఎవరిదీ నంబరు?"

ఎవరి ఫోనులోనూ ఆ నంబరుకు పేరు లేదు. రెండేళ్ళుగా ఆమె అక్కడ అందరికీ 'కొత్తమ్మాయి'. ఆమె ఉద్యోగం పొడిగించే కాగితం ఆ రోజే సంతకం కోసం ఆయన బల్లమీద ఉంది. నోరు మెదపకుంటే గండం గడిచేదే. కాని మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని మూడో గోడకు బయలుదేరుతున్నాడు.

"నాదేనండీ. అది ఫిర్యాదు కాదు... కవిత."

"కవితకా నా గోడ పగిలింది?"

"అది సరేనమ్మా," అన్నాడు మేస్త్రీ, "ఆ పాట నువ్వెక్కడ విన్నావ్?"

ఆమె దస్త్రాల గది చూపించింది. మేస్త్రీ అరచెయ్యి ఆన్చగానే పెచ్చు ఊడిపడింది. వెనక పైపు నిలువునా చీలి ఉంది. ఇంకొక్క రోజైతే ఆ గోడ ఆమె కుర్చీమీదే కూలేది.

"నీటి సరఫరాలో పనిచేస్తూ, ఇంత లీకు పెట్టుకుని, నీకు నాచు కనిపించిందా?" అన్నారు అధికారి.

"బాగుందనిపించిందండీ."

ఆయన ఫోను తీసి ఆ కవిత మళ్ళీ చదువుకున్నారు. "బాగానే ఉంది. రోజూ రాయి. చివర గది నంబరు కూడా రాయి." పొడిగింపు కాగితం తెప్పించి కలం తీశారు. అందులోనూ ఎవరో 'కొత్తమ్మాయి' అనే రాశారు. ఆయన దాన్ని కొట్టేశారు. "ఇంతకీ నీ పేరేంటమ్మా?"

ఆమె చెప్పింది.

"గట్టిగా చెప్పు. చెవుల్లో సబ్బుంది."

ఆమె తలెత్తి తన పేరు మళ్ళీ చెప్పింది. ఈసారి వీధి చివర వాల్వు దగ్గరున్న ఫిట్టరుకు కూడా వినపడింది.