మర్సా లూజా రేవులో ఓడకు మురుగు సమకూర్చిన వైనం

ఇకమీదట మన తీరానికి పన్నెండు మైళ్ళ లోపల ఏ పెద్ద ఓడా ఒక్క చుక్క మురుగునీరు వదలరాదని తీరజలాల రక్షణ మంత్రిగారు రాజధానిలో ప్రకటించారు. ఆ రోజు సముద్రం ఎంతో ఊరట చెందినట్టు కనిపించిందని పత్రికలన్నీ రాశాయి. మంత్రిగారు ప్రకటనతో ఆగే మనిషి కాదు. ఓడలు తమ మురుగును మర్యాదగా ఒడ్డున అప్పగించడానికి మర్సా లూజా రేవులో ఒక స్వీకరణ కేంద్రం అప్పటికే కట్టించి ఉంచారు. దానికొక పచ్చరంగు ట్యాంకు, ఎర్రరంగు చక్రం, గోడంత మీటరు, మీటరు పైన మంత్రిగారి ఫోటో. రెండు వారాల్లో తానే వచ్చి చక్రం తిప్పుతాననీ, మీటరు ముల్లు పచ్చగీత తాకేదాకా అక్కణ్ణుంచి కదలననీ ఆయన సెలవిచ్చారు.

ఆ రేవు కార్యాలయంలో పర్యావరణ విభాగమంటే లస్సాద్ ఒక్కడే. ఈ వార్త చదివి ఊళ్ళో మనస్ఫూర్తిగా సంతోషించిన వాడూ అతనొక్కడే. దానికి కారణం వాళ్ళ పెద్దమ్మ మబ్రూకా. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. పోటు తగ్గినప్పుడు బయటపడే ఇసుకమేటల్లో తినే గుల్లలు తవ్వి, అమ్మి, చదివించింది. ఆవిడలాంటి ఆడవాళ్ళు నలభై మంది ఆ ఇసుక మీదే బతికేవాళ్ళు. మూడేళ్ళ కిందట నీళ్ళు విషమయ్యాయని ఆరోగ్యశాఖవారు అక్కడ బోర్డు పాతారు. ‘ఓడల మురుగు వల్ల గుల్లల సేకరణ నిషిద్ధం’ అని. అప్పట్నుంచీ మబ్రూకా మట్టిపొయ్యిలో రొట్టెలు కాల్చి బజార్లో అమ్ముతోంది.

ఆ సాయంత్రం లస్సాద్ పరుగున వెళ్ళి చెప్పాడు. “ఓడల పని పట్టేశారు పెద్దమ్మా! ఇక నువ్వు మళ్ళీ ఇసుకలో దిగొచ్చు.”

ఆవిడ పొయ్యి గోడకు రొట్టె చరుస్తూ తలైనా తిప్పలేదు. “ఓడలా? అవెక్కడో ఆకాశం అంచున పోతుంటాయి. ఆ జుహైర్ ట్యాంకర్లు రోజూ ఊళ్ళో సెప్టిక్ ట్యాంకులన్నీ లాగి, ఉప్పుమళ్ళ వెనక కాలువలో పోస్తున్నాయి. కాలువ తిన్నగా వచ్చి నా గుల్లల నెత్తిన పడుతోంది. మీ మంత్రికి ముక్కు లేదట్రా?”

“అది మునిసిపాలిటీ వ్యవహారం. మా కార్యాలయానిది ఓడల వరకే.”

“ఆ ముక్క సముద్రానికి చెప్పు” అంది మబ్రూకా.

రెండు రోజులకు ఫాస్ఫేటు ఎత్తుకోవడానికి ఒక పెద్ద ఓడ వచ్చి రేవు బయట లంగరు వేసింది. ప్రారంభోత్సవం నాటికి ఉండబోయే పెద్ద ఓడ అదొక్కటే. కెప్టెన్ స్తాథీ అనే గ్రీకు ముసలాయన. అరబ్బీ మనకంటే బాగా మాట్లాడతాడు. లస్సాద్ పడవ వేసుకుని వెళ్ళి, వినయంగా అడిగాడు.

“కెప్టెన్ గారూ, మంత్రిగారి సమక్షంలో మీరు ఎంత మురుగు అప్పగించగలరు?”

“ఏమీ లేదు. మీ చట్టం చదివాం. పన్నెండో మైలు బయటే అంతా ఒలకబోసి, తొట్లు కడుక్కుని మరీ వచ్చాం.”

“కొంచెమైనా...?”

“ఓడలో ఉన్నదే పంతొమ్మిది మందిమి. అందులో ఇద్దరికి మలబద్ధకం.”

రేవు డైరెక్టర్ నౌఫెల్ గారు ఈ మాట విని కుర్చీలోంచి లేచిపోయారు. ఆయన చట్టాన్ని ప్రాణంగా ప్రేమించే మనిషి.

“ఇదేం అన్యాయమయ్యా! చట్టం మొన్న గదా వచ్చింది. అప్పుడే పాటించేస్తే మనం ఏమైపోవాలి? ముల్లు పచ్చగీత తాకాలంటే ఎంత కావాలి?”

“ఆరువందల టన్నులు సార్.”

“మంత్రిగారు వచ్చేసరికి ఆరువందల టన్నులూ ఆ ఓడలో ఉండాలి. ఎలా తెస్తావో నీ ఇష్టం.”

“ఊరి ట్యాంకర్లతో తిన్నగా కేంద్రంలోనే పోయిస్తే పోతుంది గదా సార్?”

నౌఫెల్ గారు జాలిగా చూశారు. “అప్పుడది ఓడ మురుగెలా అవుతుందయ్యా? ఓడలోంచి దిగితేనే ఓడ మురుగు.”

కెప్టెన్‌ను ఒప్పించడం కష్టం కాలేదు. వరసలో అందరికన్నా ముందు లోడింగూ, ‘ఆదర్శ నౌక’ అని చట్రం కట్టిన ప్రశంసాపత్రమూ ఇస్తామన్నారు. సరుకు లేనప్పుడు బరువు కోసం సముద్రపు నీళ్ళు నింపుకునే తొట్టి ఒకటి ఆయన ఖాళీ చేయించి, ఓడను జెట్టీకి తెచ్చి కట్టించాడు.

“నలభై ఏళ్ళుగా ఓడల్లో ఉన్నాను. బొగ్గు ఎక్కించారు, గోధుమలు ఎక్కించారు, గొర్రెల్ని ఎక్కించారు. దీన్ని ఎక్కించిన రేవు మీదొక్కటే. ఇంతకీ ఏ దేశం పంపాలి?”

“ఇక్కడే ఎక్కించి ఇక్కడే దింపుతాం సార్.”

“నయం. ప్రయాణం తక్కువే.”

ఇక జుహైర్. ఊళ్ళో ఉన్న మూడు ట్యాంకర్లూ అతనివే. “కాలువ ఉండగా ఓడ దేనికి లస్సాదన్నా? రేవంటే గేటు దగ్గర సంతకం అంటారు, నెత్తిన హెల్మెట్టు అంటారు...”

“దేశం కోసం జుహైర్.”

జుహైర్ బండిలోంచి దిగి నిలబడ్డాడు. “దేశం కోసమైతే సరే. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, దేశానికి కావాలని ఎవరూ అడగలేదు” అన్నాడు.

మొదటి ట్యాంకర్ జెట్టీ మీదికి రాగానే నౌఫెల్ గారు ముక్కుకు రుమాలు కట్టుకుని స్వయంగా తనిఖీ చేశారు.

“ఇది ఊరి మురుగులా ఉందే!”

“ఊరిదే సార్” అన్నాడు లస్సాద్.

“ఓడదిలా కనిపించాలయ్యా.”

“తేడా ఏముంటుంది సార్?”

“ఓడది కాస్త అంతర్జాతీయంగా ఉంటుంది” అని చెప్పి, ఎందుకైనా మంచిదని మంత్రిగారిని రెండు గజాల ఎడంగా నిలబెట్టాలని రాసుకున్నారు.

ఎనిమిది రోజులు మూడు ట్యాంకర్లూ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఊరికీ ఓడకూ మధ్య తిరిగాయి. ఒక్క బండి కూడా కాలువ వైపు పోకూడదని నౌఫెల్ గారు గట్టిగా చెప్పారు. ఒక్క లీటరు వృథా అయినా మంత్రిగారి ముల్లు ఆగిపోతుందని ఆయన భయం.

తొమ్మిదో రోజున ఆరోగ్యశాఖ ప్రయోగశాల నుంచి ఇన్సాఫ్ అనే అమ్మాయి లస్సాద్ దగ్గరికి వచ్చింది. పది రోజులకోసారి ఇసుకమేటల దగ్గర నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్షించేది ఆవిడే.

“లస్సాద్ గారూ, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయండీ. సీసాలో ఏదో తప్పుందేమోనని మూడుసార్లు పట్టాను. మూడుసార్లూ శుభ్రమే.”

ఈ సంగతి నౌఫెల్ గారు ఫోనులో రాజధానికి విన్నవించారు. “మంత్రిగారు వస్తున్నారని తెలిసే సముద్రం సర్దుకుంది సార్!” అన్నారు. ఆ మధ్యాహ్నమే బోర్డు పీకించమని ఆజ్ఞ వచ్చింది.

మర్నాడు నీళ్ళు తగ్గగానే నలభై మంది ఆడవాళ్ళూ ఇసుకలోకి దిగారు. మబ్రూకా చీలమండల లోతు నీళ్ళలో నిలబడి, వంగి, గుప్పెడు ఇసుక తీసి వాసన చూసింది. చాలాసేపు చూసింది. మధ్యాహ్నానికి ఒక గిన్నెడు గుల్లలు హరీసా కారంతో వండి లస్సాద్ ముందు పెట్టి, “మీ చట్టం గొప్పదేరా” అంది. అతను ఒక్కటీ మిగల్చకుండా తిన్నాడు గాని, కాలువ ఎందుకు ఎండిందో ఆవిడకు చెప్పలేకపోయాడు. ఆ రోజుకి ఆవిడ సంతోషం ఆవిడకు ఉండనిద్దామనుకున్నాడు.

ప్రారంభోత్సవం కన్నులపండువగా జరిగింది. మంత్రిగారు చక్రం తిప్పారు. ఓడలోంచి గొట్టం గుండా ఆరువందల టన్నులూ గంభీరంగా దిగాయి. ముల్లు పచ్చగీత తాకింది. బ్యాండు మోగింది. “ప్రపంచ ఓడల మురుగుకు మన గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంటుంది” అని మంత్రిగారు అన్నప్పుడు జుహైర్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారంలోనే ఓడ ఫాస్ఫేటు ఎత్తుకుని, ప్రశంసాపత్రం గోడకు తగిలించుకుని వెళ్ళిపోయింది.

కేంద్రం మాత్రం నిండుగా ఉండిపోయింది.

“ఖాళీ చేయించు. ఇంకో ఓడ వస్తే ఎక్కడ పోస్తాం?” అన్నారు నౌఫెల్ గారు.

“శుద్ధి చేసే యంత్రమూ, బయటికి పోయే పైపూ రెండో దశలో ఉన్నాయి సార్. ఇప్పుడెక్కడికి పంపను?”

“అవన్నీ నన్నడుగుతావేం? జుహైర్‌ని పిలువు.”

జుహైర్ మూడు ట్యాంకర్లతో వచ్చాడు. ఎక్కడ పోయాలని అతను అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

నాలుగు రోజులకు ఇన్సాఫ్ మళ్ళీ సీసా పట్టుకుని వెళ్ళింది. అయిదో రోజున బోర్డు మళ్ళీ లేచింది. కాపలావాడు ఆడవాళ్ళ గంపలు ఇసుకలో బోర్లించి తరిమాడు.

మంత్రిగారు వెంటనే విచారణకు ఆదేశించారు. నివేదిక రాసే పని లస్సాద్‌కు పడింది. అతను రెండు రోజులు కూర్చుని, ట్యాంకర్లు ఎప్పుడు ఎక్కడ పోశాయో తేదీలతో సహా ఒక పేజీ రాశాడు. నౌఫెల్ గారు ఆ పేజీ అంతటా నింపాదిగా అడ్డగీత గీశారు.

“ఓడ ఉన్నన్నాళ్ళూ నీళ్ళు శుభ్రం. ఓడ వెళ్ళగానే మురికి. అంటే ఏమిటి? పోతూపోతూ వదిలేసి పోయింది.”

“సార్, ట్యాంకర్లు...”

“ట్యాంకర్లు నీటి మీద తేలతాయా?”

“తేలవు సార్.”

“మరి ఓడల నివేదికలో ఎలా తేలతాయయ్యా?”

లస్సాద్‌కు ఇద్దరు పిల్లలు. ఓడ వదిలేసి పోయిందని రాసి సంతకం పెట్టాడు. ఆ ఓడ మన తీరానికి మళ్ళీ రాకూడదని ఉత్తర్వు వెలువడింది. పన్నెండు మైళ్ళను ఇరవైనాలుగు చేసినందుకు మంత్రిగారికి పొరుగుదేశంలో సన్మానం జరిగింది.

జుహైర్ నోట అసలు సంగతి విని, మబ్రూకా ఒక తెల్లకాగితం పట్టుకుని లస్సాద్ ఇంటికి వచ్చింది.

“అర్జీ రాయి. ఆ ఓడని మళ్ళీ పిలిపించమని.”

“పెద్దమ్మా, మురికి చేసింది ఆ ఓడేనని నేనే రాశాను.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు. “తెలుసు. కూర్చో. ఇది కూడా నువ్వే రాయి” అంది.

అతను రాశాడు. ఓడ ఉన్న రోజుల్లో ఊరి ట్యాంకర్లు దానిలో పోశాయి గనుక కాలువ ఎండిందనీ, కాలువ ఎండింది గనుక గుల్లలు బతికాయనీ, కాబట్టి ప్రభుత్వంవారు కాలువలో పోయడమైనా ఆపాలి, లేదా ఆ ఓడనైనా దయతో తెప్పించాలనీ రాశాడు. అడ్డగీత పడిన పేజీలోని తేదీలన్నీ అందులో పెట్టాడు. పూర్తయ్యేసరికి, ఎన్నో రోజులుగా లేని ఆకలి అతనికి వేసింది. నలభై మంది ఆడవాళ్ళూ కొందరు సంతకాలు, కొందరు వేలిముద్రలు వేశారు.

పన్నెండు రోజుల తర్వాత నౌఫెల్ గారు లస్సాద్‌ను పిలిపించారు. బల్ల మీద ఆ అర్జీ ఉంది. అంచున మంత్రిగారి ఎర్రసిరా.

“చూశావా ఘోరం? గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళకి ‘గనుక’లూ ‘కాబట్టి’లూ ఎక్కడివి? ఎవడో చదువుకున్న ద్రోహి వెనక ఉండి రాయించాడు. వాణ్ణి పట్టుకోవాలని మంత్రిగారి పట్టుదల. నమ్మకమైన మనిషి ఎవరని అడిగితే నీ పేరు చెప్పాను. ఇవాళ్టినుంచి నువ్వే విచారణాధికారివి. పదిహేను రోజుల్లో నివేదిక ఇవ్వాలి.”

లస్సాద్ ఉత్తర్వు చదువుకున్నాడు. కలం తీసి, అందుకున్నట్టు కింద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు.

నౌఫెల్ గారు ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, “నీ దస్తూరీ ఎంత ముచ్చటగా ఉంటుందయ్యా!” అని మెచ్చుకున్నారు. తర్వాత దాన్ని అర్జీ మీద పెట్టి, అంచులు సరిచేసి, రెంటినీ కలిపి ఒకే గుండుసూదితో గుచ్చారు.