టెస్టర్ వెలగని మనిషి

గెడ్డపాలెం మున్సిపాలిటీలో ప్రతి మనిషికీ ఈ సృష్టిలో ఏదో ఒకదానితో కనెక్షన్ ఉందని తేలిన ఏడాది, నూకరత్నానికి మాత్రం దేనితోనూ లేదని తేలింది. ఆ మాట చెప్పడానికి అనుసంధాన శాఖ నుంచి భుజంగరావు అనే ఉద్యోగి వచ్చాడు. ఇలాంటి కబురు ఎవరికైనా కూర్చోబెట్టి చెప్పాలని శాఖలో నిబంధన ఉంది. అందుకని ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, తాను మంచినీళ్ళు తాగి, మెల్లగా చెప్పాడు.

శాఖ రాకముందు జనం గాలికి పుట్టి ధూళికి పెరిగినట్టు బతికేవారు. ఎవరి తుమ్ము ఎక్కడ వాన అవుతోందో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడలా కాదు. పోస్టుమాస్టరు విశ్వనాథానికి ఎక్కిళ్ళు వస్తేనే సాయంత్రం సముద్రపు గాలి ఊళ్ళోకి మళ్ళుతుందని రుజువైంది. ఆయన కూతురి పెళ్ళిచూపులకని సెలవు పెడితే జిల్లా నుంచి బదులు మనిషిని పంపారు. పాపం ఆ మనిషి ఎక్కిళ్ళు మంచివే గానీ అలవాటు లేక గాలి ఎదురు తిరిగి, ఊళ్ళో ఆరేసిన బట్టలన్నీ బంగాళాఖాతంలో పడ్డాయి. అప్పటినుంచి ఆయన సెలవు పెట్టలేదు.

నూకరత్నం యాభై దాటిన మనిషి. మొగుడు పోయాక తమ్ముడు గౌరునాయుడి ఇంటికి వచ్చి, వంటా వార్పూ చూసుకుంటూ ఉండిపోయింది. గౌరునాయుడు బస్సు డిపోలో గుమాస్తా. అతని ఆకలి ఊరి చివర ఇటుకబట్టీలకు కనెక్షన్. అతను వేళకి తినకపోతే ఇటుక పచ్చిగా దిగుతుంది. అతని పెళ్ళాం మంగవేణి తల దువ్వుకుంటేనే రేవులో వలల చిక్కు వీడుతుంది. తెల్లారేసరికి జాలర్లు కొబ్బరినూనె సీసాతో గుమ్మంలో నిలబడి ఉంటారు. "అమ్మా, ఈవేళ చిక్కు ఎక్కువుంది, కాస్త దువ్వెన ఒత్తి పట్టుకో," అని బతిమాలుతుంటారు. ఇంత గొప్ప ఇంట్లో నూకరత్నానికి టెస్టర్ వెలగలేదు.

టెస్టర్ అంటే కరెంటువాళ్ళ చేతిలో ఉండే స్క్రూడ్రైవరు లాంటిదే. మెడ కింద ఎముకకి ఆనించగానే పిడిలోని చిన్న బల్బు ఎర్రగా వెలగాలి. మంగవేణికి పెట్టినప్పుడు భుజంగరావు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నూకరత్నానికి మెడ కిందా, మోచేతి దగ్గరా, చివరికి అరికాళ్ళకి కూడా పెట్టి చూశాడు. బల్బు కళ్ళు తెరవలేదు.

"దేంతోనూ లేదేటి బాబూ?" అని అడిగింది.

"లేదమ్మా. సముద్రంతో లేదు, చెట్టూచేమతో లేదు, రైళ్ళతో లేదు. మీ మీద జాలేసి చీమల దగ్గర కూడా చూశాను."

"మరి నానెందుకున్నట్టు?"

"అది మా శాఖ కిందికి రాదమ్మా," అన్నాడు భుజంగరావు, నిజంగానే బాధపడుతూ.

కనెక్షన్ లేనివాళ్ళని ఒక్కసారిగా తీసెయ్యరు. శాఖ మరీ అంత కఠినమైనది కాదు. ముందు నీడ ఆపుతారు. తర్వాత పలుకు ఆపుతారు. ఆఖరున పేరు. పేరు పోయాక ఆ మనిషి ఉన్నా లేనట్టే కాబట్టి ఇక చెయ్యవలసిందేమీ ఉండదు. ఈలోగా తన మీద ఆధారపడిన వస్తువు ఏదైనా, ఎంత చిన్నదైనా, చూపించుకుంటే అన్నీ తిరిగి ఇచ్చేస్తారు.

నూకరత్నం చూపించుకోడానికి చెయ్యని ప్రయత్నం లేదు. రోజూ మెతుకులు వేసే కాకులకి ఒకరోజు వెయ్యలేదు. అవి కాసేపు అరిచి పక్కింటి గోడ మీదికి పోయాయి. ఒకరోజు పొయ్యి వెలిగించలేదు. మంగవేణి ఏమీ అనుకోకుండా హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించింది. వాకిలి ఊడవడం మానేసింది. చెత్త పేరుకుంది గానీ, చెత్త ఉండటం వల్ల సృష్టికి వచ్చిన లోటేమీ లేదని భుజంగరావు తేల్చాడు. ఊడవకపోతే తనకే తోచక, మళ్ళీ చీపురు పట్టింది.

నీడ తీసుకుపోడానికి వచ్చినవాళ్ళు మర్యాదస్తులు. చెప్పులు బయట విడిచి వచ్చి, వాకిట్లో పరుచుకున్న నీడని మడమల దగ్గర విడదీసి, చాప చుట్టినట్టు చుట్టి పట్టుకుపోయారు. మిట్టమధ్యాహ్నం, ఎర్రటి ఎండ. ఆవిడ కిందికి చూసుకుంటే నేల ఖాళీగా ఉంది. అప్పుడు నూకరత్నానికి భయం వేసింది. మొగుడు పోయిననాడు కూడా వెయ్యనంత భయం వేసింది. ఎవరితోనైనా చెప్పుకుందామని అరుగు మీదికి వచ్చేసరికి పోస్టుమాస్టరు విశ్వనాథం ఎదురయ్యాడు.

"ఏం రత్నమ్మా, కూర్చో కూర్చో. నా ఖర్మ విన్నావా? పెళ్ళివాళ్ళు మా అమ్మాయి నచ్చిందిట గానీ నా ఎక్కిళ్ళు నచ్చలేదట," అని మొదలుపెట్టాడు.

"ఊఁ," అంది నూకరత్నం. తన భయం సంగతి లోపలే ఉండిపోయింది.

ఇది ఆ అరుగుకి ఉన్న అలవాటు. ఆ వీధిన పోయేవాళ్ళు ఇంటికి వెళ్ళేముందు అక్కడ కాసేపు చతికిలబడి, పై అధికారి మీదో, అత్త మీదో, మోకాలి నొప్పి మీదో ఉన్నదంతా వెళ్ళబోసుకుని లేచిపోతారు. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ ఊఁ కొడుతుంది. సలహాలివ్వదు, ఇంకొకరికి చేరవెయ్యదు. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ముందుకు నడవదంటారు. ఏడుపు సంగతీ అంతే, కాకపోతే అక్కడ ఊఁ పడితే ఏడుపు ఆగుతుంది. ఇదొక పని అని ఎవరికీ తోచలేదు. ఆవిడకి అసలే తోచలేదు.

పలుకు ఆపినరోజున కూడా జనం వచ్చారు. విశ్వనాథం పెళ్ళివాళ్ళ సంగతి మళ్ళీ చెప్పాడు. ఆవిడ పెదవులు కదిలాయి, ఊఁ రాలేదు. చెప్పిన మాట ఎక్కడా దిగక, తిరిగి ఆయనకే తగులుకుంది. ఆయన దాన్ని మోసుకుంటూ ఇంటికి వెళ్ళి గేటు మీద చెయ్యి వేశాడు. గేటు షాకు కొట్టింది.

సాయంత్రానికల్లా ఊళ్ళో ముట్టుకున్నదల్లా షాకు కొట్టసాగింది. పాలగిన్నెలు, సైకిలు హ్యాండిళ్ళు, పిల్లల చెవులు కూడా. ఒకరి కోపం దిగే చోటు లేక పక్కవాడిలోకి దూకింది. అక్కణ్ణుంచి అతని కనెక్షన్‌లోకి పాకింది. విశ్వనాథానికి ఎక్కిళ్ళొస్తే గాలి రాలేదు గానీ మంగవేణి జడ దానంతటదే విప్పుకుంది. రేవులో వలలు చెట్ల కొమ్మల్ని చుట్టుకున్నాయి. గౌరునాయుడికి ఆకలేస్తే రైలుగేటు పడింది, భోంచేసినా లేవలేదు. గేటుకి అటూ ఇటూ నిలబడిన జనం తిట్టుకున్న తిట్లన్నీ పోయి ఇటుకబట్టీలో పడి, బట్టీ భళ్ళున పగిలింది.

ఈ గందరగోళంలో కూడా శాఖవాళ్ళు ఫైలు ఆపలేదు. నూకరత్నం పేరు తీసెయ్యడం మొదలుపెట్టారు. గౌరునాయుడు అన్నానికి కూర్చుని, "అప్పా, కాస్త..." అనబోయి ఆగిపోయాడు. ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. పొలమారినవాడిలా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏవండీ, మీరు... కాస్త పులుసు పొయ్యండి," అన్నాడు.

చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. నూకరత్నం పులుసు పోసి వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. ఏడిస్తే వినపడదు, నిలబడితే నీడ పడదు. తాను ఉన్నదో లేదో తనకే అనుమానం వచ్చి, చిటికెడు ఉప్పు నోట్లో వేసుకుని చూసింది. ఉప్పగానే ఉంది.

మర్నాడు శాఖ ఏఈ రెహానా బేగం స్వయంగా వచ్చింది. చేతికి రబ్బరు తొడుగులు, రాత్రంతా నిద్రలేని కళ్ళు. షాకులన్నీ ఎక్కణ్ణుంచి మొదలయ్యాయో ఒక్కొక్క గుమ్మమే వెనక్కి చూసుకుంటూ వస్తే ఈ అరుగు దగ్గర తేలింది. ఆమె నూకరత్నం అరికాళ్ళ వంక చూసింది, భుజంగరావు చేతిలోని టెస్టర్ వంక చూసింది.

"టెస్టర్ ఎక్కడెక్కడ వెలగదు భుజంగరావుగారూ?"

"కరెంటు లేని తీగలో వెలగదు మేడం."

"ఇంకా?"

భుజంగరావు చేతిలోని టెస్టర్ని జేబులో పెట్టేసుకున్నాడు. అతని మొహం పాలిపోయింది. "ఎర్తులో వెలగదు మేడం. షాకుని నేలలోకి దింపేసే తీగలో," అన్నాడు.

మంచి మనిషి కాబట్టి అక్కడికక్కడే క్షమాపణ చెప్పుకున్నాడు. ఇలా టెస్టర్ వెలగనివాళ్ళందరినీ చచ్చిన తీగల్లోనే వేసుకుంటూ వచ్చాడట. పక్క మున్సిపాలిటీలో ఇప్పటికే కొందరి పేర్లు కూడా తీసేశారట. ఎవరివో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయాడు. పేర్లు లేవు కదా.

సాయంత్రంలోగా నూకరత్నానికి అన్నీ తిరిగి వచ్చాయి. నీడ మడతలు పడి ఉంది గానీ ఎండలో వేస్తే సాగింది. పలుకు రాగానే వీధంతా వచ్చి అరుగు చుట్టూ మూగింది. ఆవిడ ఊఁ అనగానే ఊరు మొత్తం ఒక్కసారి నిట్టూర్చింది. పాలగిన్నెలు చల్లబడ్డాయి, రైలుగేటు లేచింది. "అప్పా!" అని గౌరునాయుడు చిన్నపిల్లాడిలా ఆవిడ చేతులు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో నూకరత్నాన్ని జనం పరకాయించి చూడటం అదే మొదలు.

ఊరి ఎర్తుని ఊరికే వదిలెయ్యకూడదు. శాఖవాళ్ళు వాకిట్లో గొయ్యి తవ్వి, రాగిపలక దింపి, బొగ్గూ ఉప్పూ వరసలుగా పోశారు. అందులో మోకాళ్ళ దాకా కాళ్ళు దిగేలా ఒక పీట వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. ఎర్తు ఆరిపోతే పనిచెయ్యదు గనక ఉదయం, సాయంత్రం ఇంటింటి నుంచీ ఒకరు వచ్చి గోతిలో బిందెడు నీళ్ళు పొయ్యాలన్నారు. జనం భక్తిగా పోశారు. చెప్పులు వేసుకోకూడదని, ఊరు దాటకూడదని, ఎక్కువగా కదలకూడదని రెహానా బేగం ఎంతో మృదువుగా వివరించింది.

"అలగేనమ్మా. ఒక్కమాట అడగనా? నా నీడ ఒట్టుకుపోయిన్నాడు నాకు శానా భయమేసింది. అది ఎవులికి సెప్పుకోను?"

రెహానా బేగం చేతి తొడుగులు విప్పి మడిచింది. "ఎర్తుకి ఎర్తు ఉండదు పెద్దమ్మా. అది నేలతో సరి," అంది. వెళ్ళబోయి మళ్ళీ వచ్చి పీట పక్కనే కూర్చుంది. రాత్రిళ్ళు తనకి నిద్ర పట్టడం లేదని, ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదని, ఎవరికీ చెప్పని సంగతులు చాలాసేపు చెప్పింది. నూకరత్నం ఊఁ కొట్టింది. ఏఈ గారు తేలికపడి జీపెక్కి వెళ్ళిపోయింది.

వేసవి వచ్చేసరికి ఊళ్ళో చికాకులు పెరిగాయి. నూకరత్నం అరికాళ్ళు బొబ్బలెక్కాయి, మాట బొంగురుపోయింది, ఒక్కోసారి ఊఁకి బదులు ఊపిరి మాత్రమే వచ్చేది. ఊరంతటి బరువు ఒక్క మనిషి మీద వెయ్యడం మానవత్వం కాదని రెహానా బేగం పై అధికారులతో పోట్లాడింది. ఆమె పోట్లాట ఫలించింది. ఇకనుంచి పెద్ద పెద్ద గొడవలే వాకిట్లోని గోతికి రావాలి. చిల్లరమల్లర విసుగులు, కసుర్లు, అలకలు ఏ ఇంటివి ఆ ఇంట్లోనే దిగాలి. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ తమ ఎర్తు ఎవరో పోల్చి చూపించాలని ఉత్తర్వు వచ్చింది.

దీనికి టెస్టర్ పనికిరాదు కాబట్టి, శాఖవారు సులువైన పద్ధతి చెప్పారు. ఇంట్లో అందరికన్నా ఆఖరున ఎవరు తింటారో చూసుకుంటే చాలు.

భుజంగరావు భోజనాల వేళకి ఇల్లిల్లూ తిరిగాడు. ఒకరిద్దరి ఇళ్ళలో ముసలి మామగారు తేలాడు, ఒక ఇంట్లో కుక్క తేలింది. తక్కిన ఇళ్ళలో ఎవరూ ఆలోచించాల్సిన పనే పడలేదు. అతను ఉత్తర్వు చదవడం పూర్తికాకముందే, విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళందరూ తలలు తిప్పి ఒక్కవైపే చూశారు. అందరూ తనకేసి చూస్తుండటంతో వంటింట్లో మనిషి గబగబా కొంగుతో చెయ్యి తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి కావాలి?" అని అడిగింది. "ఇంకా ఒడ్డించీదా?"