జోడులో రెండోవాడు

ఆ రోజు సూగప్పకు పరీక్ష. రాయచూరు బజారులో ముప్ఫై ఏళ్లు బట్టల దుకాణం నడిపి కొడుక్కి అప్పగించిన మనిషికి ఈ వయసులో పరీక్ష పెట్టింది కోడలు మేఘ. పరీక్ష పేరు చిట్టి. వయసు మూడేళ్లు.

"మామయ్యగారూ, ఈ ఒక్క పూట చూస్తానండి. నేను వచ్చేసరికి ఇల్లు ఇల్లులా, పిల్ల పిల్లలా ఉంటే సరే. లేదంటే రేపట్నుంచి ప్లేస్కూలే!" అంది మేఘ, టీచరుద్యోగంలో చేరడానికి బయల్దేరుతూ.

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. ఒక్క పూటనే గద!" అన్నాడు సూగప్ప. పైకి ధీమాగా అన్నాడు గానీ, చిట్టి గొంతు వినపడని ఇంట్లో పొద్దెలా గడుస్తుందో తలుచుకుంటేనే ఆయనకు గుండె జారిపోయింది. ఆ పిల్ల నోరు నిద్రలో మాత్రమే మూతపడుతుంది. కాళ్లు అప్పుడూ ఆగవు.

మేఘ అలా వెళ్లిందో లేదో మొదటి చిక్కు వచ్చిపడింది. పేపరు చదువుదామంటే అద్దాలు కనిపించలేదు.

"చిట్టీ, నా అద్దాలు చూసినవా?"

"అద్దాలు కాదు తాతా, కళ్ళజోడు!" అని దిద్దింది చిట్టి. మేఘ పుట్టిల్లు బాళగనూరు. ఆమె పుట్టింటివాళ్లు కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్లు. ఇంట్లో మిగతావాళ్లందరికీ అద్దాలైనవి మేఘకు కళ్ళజోడు. పిల్ల తల్లి మాటే పట్టింది.

"ఏదో ఒకటి. చూసినవా లేదా?"

"చూసిన."

"ఏడ?"

"నీ ముక్కు మీద. నిన్న."

పొద్దున మిద్దె మీద మిరపకాయలు ఆరబోసినప్పుడు అక్కడే మరిచిపోయి ఉంటాననుకున్నాడు సూగప్ప. ఎండకు తువ్వాలు తలకూ ముఖానికీ చుట్టుకుని మెట్లెక్కాడు. వెనకనుంచి మెట్ల తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడిన చప్పుడు కూడా వినిపించింది.

"చిట్టీ! గడియ తియ్యి బిడ్డా!"

"తియ్య!"

"అట్లయితే కిటికీ కాడికి పోయి ఎవర్నన్న పిలువు!"

పిలవడమంటే చిట్టికి పండగ. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తే ఎదురింటి ఉలిగెమ్మ వాకిట్లో కనిపించింది. ఆమె ఈ మధ్యే లింగసుగూరు వైపు నుంచి వచ్చింది. కన్నడం తప్ప మరో మాట ఇంకా నోట పట్టలేదు. తాత ఇందాకట్నుంచీ వెతుకుతున్నదేమిటో ఆమెకు చెప్పేస్తే పనైపోతుందనుకుంది చిట్టి.

"కళ్ళజోడు! మా ఇంట్ల కళ్ళజోడు!" అని వీధి మారుమోగేలా అరిచింది.

కన్నడంలో కళ్ళ అంటే దొంగ. జోడు అక్కడా జోడే.

"అయ్యో శివనే! కళ్ళరు బందార్రీ! ఇబ్బరదార!" అని ఉలిగెమ్మ గుండెలు బాదుకుంది. ఇద్దరు దొంగలట! నెల రోజులుగా మిద్దెల మీద నీళ్ల ట్యాంకుల ఇత్తడి నల్లాలు మాయమవుతున్నాయేమో, వీధి వీధంతా కర్రలతో పరుగెత్తుకొచ్చింది.

అద్దాల్లేని సూగప్పకు కింద మసకమసకగా జనం మాత్రమే కనిపించారు. పాపం, మనవరాలు ఎంత సాయం తెచ్చిందనుకుని రెండు చేతులూ ఊపాడు.

"రాండ్రి, రాండ్రి! బిరాన రాండ్రి!"

"ముసుగేసుకొని మనల్నే రమ్మంటుండు! ఎంత ధైర్యం వీనికి!" అంటూ టీ కొట్టు బసవప్ప పక్క మిద్దె మీదుగా దూకి, సూగప్ప మెడ పట్టుకున్నాడు. తువ్వాలు జారింది.

"సూగప్పన్నా! నువ్వా?"

"నా మిద్దె మీద నేను గాక ఇంకెవరుంటరు? మెడ ఇడువు!"

"మరి రెండోడేడి? పాప జోడని చెప్పెనంట!"

ఆ మాట నోట్లో ఉండగానే, తాళం వేసిన వెనకింటి మిద్దె మీద నీళ్ల ట్యాంకు చాటు నుంచి ఒకడు లేచాడు. భుజాన గోనెసంచి. కింద కర్రలు చూసి, తనకోసమే అనుకుని, దిక్కు తోచక పరుగెత్తి బట్టల తీగకు తగిలి బోర్లా పడ్డాడు. సంచిలోంచి ఇత్తడి నల్లాలు గలగలమని దొర్లాయి.

"నేనొక్కణ్ణే అన్నా! నాకు జోడు ఎవ్వడు లేడు, ఒట్టు!" అని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. ఎవరూ నమ్మలేదు.

సూగప్ప మెట్లు దిగి తలుపు దగ్గర నిలబడ్డాడు. "చిట్టీ, ఏమైన గానీ గడియ తియ్యకు, జాగ్రత్త!" అన్నాడు గట్టిగా. ఆ మాట పూర్తికాకముందే గడియ ఊడింది. ఆయన మనవరాలిని ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నాడు.

మేఘ తిరిగొచ్చేసరికి వాకిట్లో జాతర, మధ్యలో కానిస్టేబులు. సూగప్ప ప్రాణం ఉసూరుమంది. ప్లేస్కూలు ఖాయం.

"ఏమైందండీ? పాపేది?"

"మీ పాప పుణ్యమాని దొంగ దొరికిండమ్మా!" అన్నాడు బసవప్ప.

"నువ్వేమన్నావే?" అని చిట్టిని అడిగింది మేఘ.

"కళ్ళజోడు అన్న," అంది చిట్టి.

మేఘ ఉలిగెమ్మను చూసింది, మామగారి బోడి ముక్కును చూసింది. సంగతంతా అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూగప్ప ప్లేస్కూలు మాట ఎత్తగానే ఆడవాళ్లంతా ఆమె మీద విరుచుకుపడ్డారు. "ఈ పిల్లను పంపిస్తే వీధికి కావలి ఎవరు?"

"పంపనండి బాబూ! పిల్ల మామయ్యగారి దగ్గరే ఉంటుంది," అంది మేఘ. సూగప్ప చిట్టిని భుజాన ఎక్కించుకుని వీధి ఆ చివరి దాకా ఊరేగాడు.

కానిస్టేబులు మాత్రం జోడులో ఒకడు దొరికాడనీ, రెండోవాడు పరారీలో ఉన్నాడనీ పుస్తకంలో రాసుకుపోయాడు.

ఆ రెండోవాడు మర్నాడు పొద్దున జొన్నపిండి డబ్బాలో దొరికాడు, అద్దాల నిండా పిండితో, కాళ్లు రెండూ ముడుచుకుని.