దర్వాజ బంద్ అయిన రోజు

ఆ మంగళవారం పొద్దున్నే వెంకటనర్సయ్య గోదాములోని కందిపప్పు బస్తాలన్నీ రెండు పక్కలకు జరిపించి, ఎదురు గోడకు ఉతికిన తెల్ల పంచె ఒకటి మేకులు కొట్టి బిగించాడు. ఆయన జనగామలో పప్పుల టోకు వ్యాపారి. ఢిల్లీలో తెలంగాణ బిల్లు సంగతి లోక్‌సభ తేల్చే రోజు అది. ఊళ్ళో టీవీ లేని ఇల్లు లేదు. గోడంత టీవీ మాత్రం వెంకటనర్సయ్య గోదాములోనే ఉండబోతోంది. దానికి కారణం ఆయన కూతురు శ్రావ్య.

శ్రావ్య ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అది నచ్చక ఇంటికొచ్చి, మేడమీది గదిలో కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. వేలెడంత పరికరాన్ని కంప్యూటర్‌కు గుచ్చి, దానికి కేబుల్ తీగ తగిలిస్తే చాలు, టీవీ మొత్తం కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. దానికి ఆమె ‘దర్వాజ’ అని పేరు పెట్టింది. తయారు చేసిందీ ఆమే, అమ్మిందీ ఆమే, పనిచేయడం లేదని ఫోనొస్తే ఎత్తేదీ ఆమే. “అక్కా, దర్వాజ తెరుసుకుంటలేదు” అని మహబూబాబాద్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఉపేందర్, “చెల్లె, దర్వాజల మనిషి కనవడ్తుండు, మాట ఇనవడ్తలేదు” అని భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుడు పోశాలు. ఎవరు ఎంత చిరాకుగా మాట్లాడినా ఆమె మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. “వేరే ఛానెల్ పెట్టి సూసిన్రా?” సగం రోగాలు ఆ ఒక్క మాటతోనే కుదిరేవి.

వెంకటనర్సయ్యకు మాత్రం ఈ వ్యాపారం ఎక్కలేదు. “తక్కెడ లేదు, బాట్లు లేవు, గిదేం యాపారం బిడ్డా?” అనేవాడు. అలాంటి మనిషి, గోడంత బొమ్మ వస్తుందని శ్రావ్య ఒకసారి చూపించేసరికి ఒక్క దెబ్బకు మారిపోయాడు. ఊరంతా తిరిగి పిలిచాడు. కరెంటు తీయకుండా చూడమని సబ్‌స్టేషన్ వాళ్ళను బతిమాలాడు. అద్దెకు ప్రొజెక్టర్ తెచ్చాడు. అడగకుండానే మైకు కూడా తెచ్చాడు.

“మైకెందుకు బాపూ?” అంది శ్రావ్య.

“ఇంతమందిని పిలిచినంక రెండు ముక్కలు మాట్లాడకపోతె మంచిగుంటదా?” అన్నాడాయన.

ఆయన మాట్లాడిన రెండు ముక్కల్లో ఒకటి అందరికీ నచ్చింది. “న్యూస్ ఛానెళ్ళు పెట్టం. అవి గడియకో మాట చెప్తయి, మన పానం తీస్తయి. సభ ఛానెలొక్కటే పెడ్తం. అయ్యేది అయినట్టు సూద్దాం.” గోదామంతా చప్పట్లు కొట్టింది.

అందరికంటే ముందు వరుసలో బస్తా మీద పూల్‌సింగ్ కూర్చున్నాడు. లింగాల ఘనపూర్ దగ్గరి తండా ఆయనది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మీసాలు రాని వయసులోనే రోడ్డు మీద కూర్చుని జైలుకు పోయొచ్చిన మనిషి. ఇవాళ చలువ చేసిన ధోవతి కట్టి, ఎర్ర రుమాలు తలకు చుట్టి, మనవరాలి పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. శ్రావ్యను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు. “బేటీ, ఒగలు చెప్తె ఇన్నది కాదు, పాసైతుంటె నా కండ్లతోని సూడాలె. అందుకే గింత దూరం వచ్చిన.”

“సూద్దువు తాతా. నాది పూచీ” అంది శ్రావ్య. ఆ ధైర్యానికి కారణం ఉంది. ముందురోజే ఆమె దర్వాజకు కొత్త వెర్షన్ తయారు చేసి, కొన్నవాళ్ళందరికీ పంపింది. బొమ్మ మధ్యలో ఆగకుండా ఉండడానికే ఆ మార్పు.

మధ్యాహ్నం దాకా అంతా బాగానే నడిచింది. సభ మొదలైంది, వాయిదా పడింది, మళ్ళీ మొదలైంది. శ్రావ్య తల్లి సుభాషిణి ఉప్మా పంపింది, తర్వాత చాయ పంపింది. మూడు దాటాక సభ మళ్ళీ కూర్చుంది. పంచె మీద మనుషులు నిలువెత్తున లేచి అరుస్తున్నారు. గోదాములో దగ్గు కూడా వినిపించడం లేదు. పూల్‌సింగ్ బస్తా అంచుకు జరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు బొమ్మ పోయింది. గోడ మీద వెంకటనర్సయ్య పంచె ఒక్కటే మిగిలింది.

“ఏమైంది బిడ్డా?” అన్నాడు వెంకటనర్సయ్య.

“ఏం గాలే బాపూ, ఒక్క నిమిషం” అంటూ శ్రావ్య తీగలు తడిమింది. పరికరం వెలుగుతూనే ఉంది. ప్రొజెక్టర్ వెలుగుతూనే ఉంది. ఏం చేయాలో ఆలోచించేలోపే ఫోను మోగింది. అటువైపు ఉపేందర్.

“అక్కా, నీ దర్వాజ బందయ్యింది! సెంటర్ల ఇసుకేస్తె రాలనంత మంది ఉన్నరు. నన్ను తంతరక్కా!”

ఆ ఫోను పెట్టకముందే పోశాలు ఫోను. “చెల్లె, కాలనీ మొత్తం మా ఇంట్లనే ఉన్నది. బొమ్మ కొట్టుకపోయింది. జర చెప్పు, ఏం జెయ్యాలె?”

శ్రావ్య లెక్క వేసుకుంది. జనగామలో పోయింది, మహబూబాబాద్‌లో పోయింది, భూపాలపల్లిలో పోయింది. మూడుచోట్లా ఒక్కసారే పోయిందంటే, మూడుచోట్లా ఉన్నది ఒక్కటే. తను పంపిన కొత్త వెర్షన్. ఇక ఆమెకు అనుమానమే లేదు.

“తప్పు నాదే అన్నా” అంది ఫోనులో. “నిన్న పంపిన వెర్షన్ల ఏదో గడబిడ చేసిన. మొత్తం నా తప్పే. అది తీసెయ్యిండ్రి, పాతది పెట్టుండ్రి.”

ఆమె కూర్చున్న బల్ల మీదనే మైకు ఉంది. దాన్ని ఆపడం ఎవరికీ గుర్తులేదు. “మొత్తం నా తప్పే” అన్న మాట గోదాములోనే కాక, బయట వేపచెట్టుకు కట్టిన మైకు డబ్బా ద్వారా రైల్వే స్టేషన్ దాకా వినిపించింది.

వెంకటనర్సయ్య మైకు గభాలున లాక్కున్నాడు, ఆపడానికి కాదు. “పెద్దలు జర సబర్ చేయుండ్రి. మా బిడ్డది చిన్న సాంకేతిక లోపం” అన్నాడు. వెనక నుంచి ఎవరో, “గింత పెద్ద దినం నాడు చిన్న లోపమా సేటూ?” అని అరిచారు. అంతా నవ్వారు. శ్రావ్యకు నేల చీలి అందులోకి పోతే బాగుండనిపించింది. పూల్‌సింగ్ నవ్వలేదు. ఖాళీ పంచెనే చూస్తున్నాడు, చూపు తిప్పితే ఆ క్షణంలోనే అంతా అయిపోతుందన్నట్టు. ఆ చూపు ఆమెను మరీ కంగారు పెట్టింది.

ఉపేందర్‌కూ అదే మాట చెప్పి, తనూ కొత్త వెర్షన్ తీసేసి పాతది ఎక్కించింది. పాతదానికి ఒక గుణం ఉంది. ఎక్కించగానే ఉన్న ఛానెళ్ళన్నీ మొదటి నుంచి వెతుక్కుంటుంది. వెతికేటప్పుడు ఆపితే ఆగదు. గోడ మీద ఒక్కొక్క ఛానెలూ రెప్పపాటు మెరిసి పోవడం మొదలైంది. ఒక ఆవిడ గుత్తివంకాయ వేయిస్తోంది. ఒక స్వామీజీ ఏదో అనబోయాడు. ఎవరో ఎవరినో చెంపదెబ్బ కొట్టారు, కారణం తెలియలేదు. ఒక సబ్బు నురగ వచ్చింది. ఆ తర్వాత ఒక న్యూస్ ఛానెల్ మెరిసింది. కింద ఎర్ర పట్టీ మీద పెద్ద అక్షరాలు జరుగుతున్నాయి. ‘తెలంగాణ బిల్లు పా’ అన్నంతవరకు కనిపించింది. అంతలోనే వీణ వాయించే ఆవిడ వచ్చేసింది.

“ఆపు! వెనకకు పెట్టు!” అని గోదామంతా లేచింది.

“ఆగదు! వెతుకుడు అయిపోయేదాకా ఆగదు!” అంది శ్రావ్య.

“పా అని నేను సూసిన. పాస్!” అన్నాడు ఒకాయన.

“ఏం పాసు? పాయె! బిల్లు పాయె అని ఏసిన్రు” అన్నాడు ఇంకొకాయన. “పాసైతె ఢిల్లీల గంతగనం లొల్లి ఎందుకైతది?”

ఇన్నేళ్ళుగా ఎన్నోసార్లు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్న సంగతి అందరికీ తెలుసు. అందుకని పాయె అన్న మాటే నిజంలా వినిపించింది. అది గోదాము గుమ్మం దాటేసరికి ‘బిల్లు పాయెనట’ అయింది, వీధి మలుపు తిరిగేసరికి ‘బిల్లు చింపేసిన్రట’ అయింది. బజారులో దుకాణాలవాళ్ళు ఎవరూ చెప్పకుండానే షట్టర్లు దించేశారు. బంద్‌లు చేసీ చేసీ వాళ్ళకు అది చేతి అలవాటు. సంబరానికని వచ్చిన డప్పులవాళ్ళు డప్పులు సంచుల్లో పెట్టేశారు.

పూల్‌సింగ్ బస్తా మీది నుంచి లేచాడు. ధోవతి దులుపుకున్నాడు. “నడువుండ్రి రోడ్డు మీదికి” అన్నాడు, అంతే. సగం గోదాము ఆయన వెంట చౌరస్తాకు నడిచింది. మిగిలిన సగం ఏం చేయాలో తోచక మిగిలిన చాయ తాగింది.

తీరా చౌరస్తాకు పోయేసరికి అక్కడ పటాకులు పేలుతున్నాయి. స్టేషన్ వైపు నుంచి ఒక గుంపు గులాల్ చల్లుకుంటూ వస్తోంది. వీళ్ళు రోడ్డు మీద కూర్చుంటున్నారు, వాళ్ళు రోడ్డు మీద ఎగురుతున్నారు.

“సిగ్గులేదా? బిల్లు పాయెనని మేం ఏడుస్తుంటె పటాకులు కాలుస్తున్రా?” అని గోదాము గుంపు లేచింది.

“బిల్లు పాసైతె మీరెందుకు ధర్నా చేస్తున్రు? మీరేమన్న సమైక్యవాదులా?” అని వాళ్ళు తిరగబడ్డారు.

జనగామలో అంత మాట ఎవరూ ఎవరినీ అని ఉండరు. చొక్కా కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. అంతలో హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే బస్సు వచ్చి ఆగింది. పూల్‌సింగ్ దాని ముందు బైఠాయించి, “ఆపు! బిల్లు ఇచ్చేదాక కదలనియ్యం!” అన్నాడు. కండక్టర్ కిందికి దిగాడు. ఆయన మొహమంతా గులాబీ రంగు.

“ఇచ్చిన్రు తాతా! పాసైంది! ఆలేరు కాణ్ణుంచి మిఠాయి తినుకుంటనే వస్తున్నం. నువ్వు లే, లేసి నోరు తెరువు” అన్నాడు.

వెతుకుడు ఇంకా అవుతుండగానే శ్రావ్య గోదామును అలాగే వదిలి పరుగెత్తుకొచ్చేసరికి, పూల్‌సింగ్ ఇంకా రోడ్డు మీదనే కూర్చుని ఉన్నాడు. నోట్లో లడ్డు ఉంది, కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఎర్ర రుమాలు ఏ రంగో తెలియకుండా పోయింది. ఆమె ఆయన ఎదురుగా కూలబడింది.

“తాతా, నిన్ను సూడనియ్యలేకపోయిన. నా వల్లనే. నన్ను మాఫ్ చెయ్యి.”

బస్సులోంచి ఒకాయన తొంగి చూశాడు. “ఎవలు సూసిన్రమ్మా? సభ తలుపులు మూసి, టీవీ బంద్ చేసి పాస్ చేసిన్రట. దేశం మొత్తంల ఎవ్వల టీవీల రాలే. న్యూసోళ్ళు గూడ చెప్పుడే గని చూపెట్టలే.”

శ్రావ్యకు అప్పుడు అర్థమైంది. కొత్త వెర్షన్ బ్రహ్మాండంగా పనిచేసింది. అది చూపించాల్సిన ఖాళీని ఉన్నది ఉన్నట్టు చూపించింది. పనిచేస్తున్నదాన్ని పీకేసింది తనే. ఉపేందర్ చేత, పోశాలు చేత పీకించింది తనే. అందరినీ అడిగే ఆ మొదటి ప్రశ్న, ‘వేరే ఛానెల్ పెట్టి సూసిన్రా’ అన్నది, తనను తాను అడగడం మరిచిపోయింది.

పూల్‌సింగ్ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి రంగంతా ఆమె జుట్టుకు అంటింది. “పోనీ తియ్యి బేటీ. నాతోటోళ్ళు శాన మంది గీ మాట గూడ ఇనకుంటనే పోయిన్రు. నేను ఇన్న. రోడ్డు మీద కూసుండి ఇన్న” అన్నాడు. తర్వాత నెమ్మదిగా లేచి, సంచుల్లో పెట్టిన డప్పులు తీయించాడు. ఆ వయసులో ఆయన ఎగిరిన ఎగురుడుకు బస్సు ఇంకో అరగంట కదలలేదు. వెంకటనర్సయ్య మైకు తెచ్చాడు గానీ, ఆయన మాటలు ఎవరికీ వినపడలేదు.

మరుసటి రోజు పొద్దున శ్రావ్య కొత్త వెర్షన్ మళ్ళీ అందరికీ పంపి, ఒక్కొక్కరికీ ఫోను చేయడానికి కూర్చుంది. మొదటి ఫోను పోశాలుకే. ఆయన అప్పటికే పేపరు చదివాడు.

“చెల్లె, ఢిల్లీల గూడ సాంకేతిక లోపమేనట గదా! దేశం మొత్తం ఒక్కపారి బందయ్యిందట” అన్నాడు. ఆ గొంతులో ఎన్నడూ లేని గౌరవం ధ్వనించింది. “మరి నాకు ఒక్క మాట చెప్పకపోతివి. పార్లమెంటుల గూడ నీ దర్వాజనే పెట్టిన్రా?”

“అయ్యో, లేదన్నా! అది వేరే, నాది వేరే. నాదాంట్ల అసలు తప్పే లేదు.”

“నాకాడ దాస్తవేంది చెల్లె? నీ నోటితోని నువ్వే ఒప్పుకుంటివి గదా. ఒక పని చెయ్యి, మా బామ్మర్దికి గూడ ఒకటి పంపు” అని పోశాలు ఫోను పెట్టేశాడు.

తప్పు తనదేనంటే ఒక్క మాటకే నమ్మిన మనిషి, కాదంటే మాత్రం ససేమిరా నమ్మలేదు.